ఎండ కరువు

ఎర్రవాగు బొగ్గుబాయి కాలనీలో ఎండను తిట్టని నోరు లేదు. మార్చి రాకముందే రేకులు కాగేవి. ఏప్రిల్‌లో పంపునీళ్ళు చేయి కాల్చేవి. మే నెలలో కాకులు సైతం నోళ్ళు తెరుచుకుని జానెడు నీడ కోసం తగవులాడేవి. అటువంటి ఊళ్ళో, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది నవంబరులో, పగిడయ్య అనే, బొగ్గెత్తి నింపే కోల్ ఫిల్లరుకు ఒంట్లో ఎండ చాలలేదని ఒక డాక్టరమ్మ కాగితం మీద రాసింది.

ఊరు మూడు రోజులు నవ్వింది.

పగిడయ్య నవ్వలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఎనిమిది నెలలుగా తన కాళ్ళు చెబుతున్న మాటను నమ్మిన మొదటి మనిషి చేతిరాత అది.

అతనిది ముదిగొండ పక్క పల్లె. ఇరవై ఏళ్ళకు బాయిలో దిగాడు, పన్నెండేళ్ళుగా బొగ్గెత్తుతున్నాడు. భూమి లోపల అతని పని తట్ట, పార, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బు. భూమి మీద అతని పని పరుగు. ఏటా ఫిబ్రవరి చివరి ఆదివారం బాయిల మధ్య పందెం జరిగేది. ఎర్రవాగు గేటు నుంచి భద్రాచలం వంతెన దాకా, అడవి నడుమ నలభై కిలోమీటర్లు. రెండుసార్లు గెలిచిన పగిడయ్యకు ఆ దారిలో ప్రతి మలుపూ చుట్టమే.

పరుగుకు చల్లని పూట కావాలి. అందుకని అందరూ వద్దనే నైట్ షిఫ్టును అతడు అడిగి తీసుకున్నాడు. నాలుగేళ్ళపాటు పొద్దుగుంకాక పరుగెత్తాడు, రాత్రంతా బొగ్గెత్తాడు, పగలంతా కిటికీకి గోనెపట్టా కట్టుకుని క్వార్టరులో నిద్రపోయాడు. ఒకరు వచ్చే వేళకు ఇంకొకరు వెళ్ళిపోయే కిరాయిదారుల్లాగా, సూర్యుడూ అతడూ ఒకే ఊళ్ళో ఉండి ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు.

ఆ ఏడాది పందెంలో, కిన్నెరసాని వంతెన మీద, అతని కాళ్ళు ఆగిపోయాయి. పడలేదు, జారలేదు, ఊరికే ఆగిపోయాయి. పందెం జీపు అతణ్ణి ఎక్కించుకుని పోయింది. అప్పటి నుంచి ఒళ్ళు తీరు మారింది. ఇదివరకు ఎంత దూరం పరుగెత్తినా ఒక నిద్రతో తీరిపోయే నొప్పి ఇప్పుడు అయిదు రోజులైనా తీరడం లేదు. తొడలు తడిసిన గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. బాయిలోంచి పైకి వచ్చే ఏటవాలు దారికి రెండు వందల నలభై మెట్లు. మెట్ల పక్కన ఆసరాకు పాత ఇనుప తాడు ఒకటి కట్టి ఉంటుంది. ముసలి కార్మికులు పట్టుకునే తాడు అది. పగిడయ్య దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు. తాడుకున్న నల్లటి గ్రీజు అరచేతులకు అంటి, తువ్వాలుకు అంటి, ఇంటికి వచ్చేది.

"బొగ్గు మసి ఉతికితె పోతది. ఈ జిడ్డు పోదు," అనేది అతని భార్య రామక్క, తువ్వాలును బండకేసి బాదుతూ. "ఏం పట్టుకుంటున్నవయ్యా నువ్వు?"

ఆ పొద్దే అతడు కంపెనీ దవాఖానాకు పోయాడు.

బాయి ఊళ్ళలో అప్పుడొక రివాజు ఉండేది. పెద్ద డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే, ఆ మనిషి పని అతని కొడుక్కో తమ్ముడికో దక్కేది. కాళ్ళు బాగున్నవాళ్ళు కుంటేవాళ్ళు. చెవులు వినిపించేవాళ్ళు చెవిటివాళ్ళయ్యేవాళ్ళు. అందువల్ల దవాఖానా మెట్టెక్కిన ప్రతివాడి నొప్పి వెనుకా ఒక తమ్ముడు నిలబడి ఉన్నట్టే పెద్ద డాక్టరు చూసేవాడు.

"తొడలు, పిక్కలు నొస్తున్నయ్ సార్. ముడుసులు గూడ."

పెద్ద డాక్టరు తల ఎత్తలేదు. "మీ తమ్ముడేం చదివాడు?"

"సార్?"

"ఇంట్లో తమ్ముడున్నాడుగా. టెన్త్ పాసా?"

"ఫెయిల్ సార్. అయినా గదేంది సార్, నొచ్చేది నా కాళ్ళు గదా."

నొప్పి బిళ్ళలు నాలుగు చేతిలో పడ్డాయి. తమ్ముడు పిచ్చయ్య ఆరు నెలలుగా తన ఇంట్లోనే ఉంటున్న మాట నిజమే. ఆ నిజం మూలంగా అతని కాళ్ళ నిజం అబద్ధమైపోయింది.

లాంపుల గదిలో కూర్చుని, దిగే ప్రతివాడికీ క్యాప్ లాంపు అందించే జహూర్ అతనికి పాత దోస్తు. ఖమ్మంలో అత్తరు దుకాణం ఉన్న ఇంట్లో పుట్టి, ఆ వాసన పడక బొగ్గు వాసనకు వచ్చినవాడు. అతడే దారి చెప్పాడు.

"భద్రాచలంల నిర్మలాదేవి డాక్టరమ్మ ఉంది. మా అక్క, షరీఫా ఆపా, నాలుగు గోడల మధ్య మిషన్ కుట్టి కుట్టి లేవలేకపోతే ఆమెనే లేపింది. జల్దీ పో భాయ్. నువ్వు తాడు పట్టుకొని వస్తుంటే నాకే సిగ్గైతుంది."

గోదావరి ఒడ్డున రెండు గదుల దవాఖానా అది. నిర్మలాదేవికి నలభై ఏళ్ళుంటాయి. అతణ్ణి నేల మీద గొంతుకూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. అతడు లేవలేకపోయాడు. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కింది. పన్నెండేళ్ళు బొగ్గెత్తిన మనిషి పసివాడిలా అరిచాడు. నెత్తురు తీసి పరీక్షకు ఖమ్మం పంపింది. వారానికి ఫలితం వచ్చాక మళ్ళీ పిలిపించుకుంది.

"పని ఎప్పుడు?"

"నైటు."

"పరుగు?"

"పొద్దుగుంకినంక."

"నిద్ర?"

"పగలు."

"మరి ఎండలో నిలబడి ఎన్నాళ్ళయింది?"

పగిడయ్యకు నవ్వొచ్చింది. "మా ఊళ్ళె ఎండకు కరువా డాక్టరమ్మా!"

ఆమె కిటికీలోంచి చూపించింది. "గోదావరిలో నీళ్ళకు కరువా? నువ్వు ముంచుకోకపోతే నీ కుండ నిండుతుందా?"

అతడు నదివంక చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఆమె విడమరిచి చెప్పింది. ఎండ తగిలితే చర్మం విటమిన్ డి తయారుచేసుకుంటుందనీ, అది లేకపోతే తిండిలోని సున్నం ఎముకకు పట్టదనీ, పని చేసి నలిగిన కండ తిరిగి తేరుకోదనీ చెప్పింది. "అలసట అందరికీ వస్తుంది పగిడయ్యా. వచ్చింది పోవాలి. నీకు పోవడం లేదు. అదే నీ జబ్బు." ఎనిమిది పొట్లాలు లెక్కపెట్టి ఇచ్చింది. వారానికొకటి, పాలలో. ఆ తరువాత నెలకొకటి. "ఇది బలం పొడి కాదు, బాగా విను. లోటున్నవాడికి లోటు పూడుస్తుంది. లోటు లేనివాణ్ణి గుర్రాన్ని చేయదు. ఆత్రపడి రోజుకొకటి తాగావంటే మూత్రపిండాలు పాడవుతాయి. నైట్ షిఫ్టు మానెయ్. నడి మధ్యాహ్నం అరగంట చొక్కా విప్పి ఎండలో నిలబడు."

"మళ్ళ ఉరుకుతనా?"

"ఆ మాట నా పొట్లం చెప్పదు. నీ కాళ్ళే చెప్పాలి."

నిత్యం నైటు మాని, వారం వారం మారే షిఫ్టుల వరసలోకి అతడు తిరిగి వచ్చాడు. రోజూ నడి మధ్యాహ్నం, ఫస్ట్ షిఫ్టు వారంలోనైతే మూడింటికి పైకి రాగానే, లాంపుల గది వెనుక గోడ దగ్గర, చొక్కా విప్పి, వీపు ఎండకిచ్చి నిలబడ్డాడు. ఊరికి వేడుక దొరికింది.

"అన్నా, వడియాలు ఎండినయా?"

"కాకులొస్తయ్, కర్ర పట్టుకొని కూసోమను రామక్కను!"

"కంపెనీ కరెంటు మిగులుతదిర. ఈయన్ని రాత్రికి బాయిల పెడితే వెలుగుతడు!"

పగిడయ్య అన్నీ విన్నాడు. విని, ఇటు ఎండినవాడు అటు తిరిగినట్టు, ఛాతీని ఎండకిచ్చి నిలబడ్డాడు. సిగ్గు మొదటి వారం కాల్చింది. రెండో వారం గోరువెచ్చగా తగిలింది. మూడో వారం నుంచి ఆరిపోయింది.

పొట్లాల కబురు కూడా పొక్కింది. అవి గుర్రాలకు పెట్టే పొడి అన్నారు. తండా నుంచి వచ్చి బాయిలో చేరిన దేవ్లా అనే కొత్త పరుగుగాడు ఒకనాడు మెల్లగా దగ్గరికి చేరాడు. "ఒక్కటియ్యరాదే అన్నా. ఒక్క పొట్లం."

"నీకెందుకురా? సెలవు దొరికితె పగలంత మీ పత్తిచేన్లనే ఉంటవు. నీ కుండ నిండే ఉన్నది. పైన పోస్తె పొర్లిపోతది."

అసలు పోరు ఇంట్లో ఉంది. ఆదివారం పొట్లం రోజు. రామక్క పాలగ్లాసు అతని ముందు పెట్టి, తానూ ఎదురుగా కూర్చుంది.

"ఒక మాటంట, కోపం చెయ్యకు. ఊరంత నువ్వు అన్‌ఫిట్ కోసమే నాటకమాడుతున్నవంటుంది. అననీ. రాయించుకుంటె ఏమైతది? పిచ్చయ్యకు పనైతది. మనం ఊరికి పోయి చేను చూసుకుందం. బాయిల దినాం నువ్వు దిగుడు, నేను బొట్టు తడుముకొనుడు తప్పుతది."

ఆ మాటలో బరువుంది. పగిడయ్య పొడి కలిపి గ్లాసు ఖాళీ చేశాడు.

"బాయి విడిచిపెడుదమంటె ఒకనాడు విడిచిపెడుదమే. కానీ లేని రోగం కాగితం మీద రాయించుకున్ననంటె, ఉన్న కాళ్ళు ఎప్పటికీ నావి గావు. బతికినన్నాళ్ళు కుంటాలె. పిల్లల ముంగట గూడ కుంటాలె."

రామక్క గ్లాసు తీసుకుని లేచిపోయింది. మరుసటి ఆదివారం పాలు పోయించింది గానీ, మాట పోయలేదు.

మూడు వారాలు ఏమీ మారలేదు. నాలుగో వారం ఎముక మీద నొక్కితే అరుపు మూలుగైంది. ఏడో వారంలో ఒకనాడు, పగటిపూట ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మర్నాడు, రామక్క బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ ఆగింది. తువ్వాలును విప్పి రెండు వైపులా తిప్పి చూసింది. మసి ఉంది, చెమట ఉంది.

"ఏమయ్యా, జిడ్డేది?"

"ఏం జిడ్డు?"

"నీ తువ్వాలకు జిడ్డు లేదు. నిన్న లేదు, మొన్న లేదు."

పగిడయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. తాడును ఎప్పుడు విడిచాడో అతనికే తెలియదు. పట్టుకున్న రోజు గుర్తుంది గానీ విడిచిన రోజు గుర్తులేదు. రామక్క తడి చేతులతోనే అతని చేతులు పట్టుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి, ముక్కు ఎగబీల్చి, "రేపటికెల్లి పావుశేరు పాలు ఎక్కువ పొయ్యమంట," అంది.

ఫిబ్రవరి వచ్చింది. రోడ్డు పక్క మోదుగలు ఆకులు రాల్చి ఎర్రటి మొగ్గలెత్తాయి. పందెం పేర్ల జాబితా గేటు దగ్గర అంటించారు. అందులో పగిడయ్య పేరు లేదు.

వెల్ఫేర్ ఆఫీసరు వెంకటరామారావు పందెం కమిటీకి సెక్రటరీ. తండ్రి కాలంలో కృష్ణాజిల్లా నుంచి వచ్చి మధిర వైపు భూములు కొన్న రైతుల ఇంటివాడు. మాట మెత్తన, పట్టు గట్టి. పగిడయ్య అతని ఆఫీసు గదికి పోయాడు.

"కూర్చోవయ్యా పగిడయ్యా. నీ పేరు నేను తీసేశాననుకుంటున్నావు. నేను కాదు. పెద్ద డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. కాళ్ళనొప్పులని రిజిస్టర్లో నువ్వే రాయించుకున్నావు. రేపు దారిలో పడిపోతే ఎవరిది పూచీ?"

"అయితె అన్‌ఫిట్టా సార్?"

"అదీ రాయలేదాయన."

"ఫిట్టూ రాయరు, అన్‌ఫిట్టూ రాయరు. మరి నేనేంది సార్?"

వెంకటరామారావు తలుపు దగ్గరికి లాగి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నీ మంచి కోరి చెబుతున్నాను. ఆయన నా మాట వింటాడు. అన్‌ఫిట్ రాయిస్తాను. మీ తమ్ముడు వచ్చే నెలలో బాయిలో ఉంటాడు. నువ్వు ఆ ఎండలో నిలబడే తమాషా, ఈ పరుగు, రెండూ మానెయ్. నిన్ను పందెంలో పెడితే, పడితే కంపెనీకి మాట. గెలిస్తే దవాఖానాకు మాట. ఎందుకయ్యా ఇదంతా?"

పగిడయ్యకు తమ్ముడి మొగం గుర్తొచ్చింది. రామక్క అన్న మాట గుర్తొచ్చింది. చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉంది ఆ కాగితం. అతడు రెండు అరచేతులనూ బల్లమీద వెల్లకిలా పెట్టాడు.

"నాకు లోటుండె సార్. రోగం లేకుండె. లోటు పూడింది. పూడిన గుంతను మళ్ళ తవ్వి, దాంట్ల నన్నే పండుకోమంటున్నరు."

"మొండివాడివి."

"అవ్. మొండోణ్ణే. గేటు మీది సార్, రోడ్డు సర్కారుది. నేను గేటుకు ఒక అడుగు అవతలకెల్లి ఉరుకుత. నంబరొద్దు, కప్పొద్దు." అతడు లేచాడు. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచాడు. "ఒక్కటే అడుగుత. ఆదివారం వంతెన కాడ నన్ను చూడకపోయినా మానె. సోమవారం మెట్ల కాడ చూడుండ్రి."

ఆదివారం పొద్దున ఏడు గంటలకు నలభై ఇద్దరు గేటు లోపల నిలబడ్డారు. ఒకడు గేటు అవతల నిలబడ్డాడు. ఛాతీకి నంబరు లేదు. దాని బదులు, అక్కడ మూడు నెలల ఎండకు మసి రంగు పట్టిన చర్మం ఉంది. ఈల మోగింది. అందరూ ఉరికారు. అతడూ ఉరికాడు.

పక్కనే జహూర్ సైకిలు. హ్యాండిలుకు నీళ్ళ సీసా, నోటికి అడ్డూ ఆపూ లేని మాట. "భాయ్, నువ్వు ఉరుకుతున్నవ్, నాకెందుకు ఆయాసం? ఇదేం ఇన్సాఫ్!"

పాల్వంచ దాటింది. అడవి దగ్గరైంది. తునికి చెట్ల నీడలు రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంటే, పగిడయ్య నీడ వదిలి ఎండ ఉన్న అంచునే పట్టుకుని పరుగెత్తాడు. కిన్నెరసాని వంతెన వచ్చింది. ఏడాది కింద కాళ్ళు ఆగిన చోటు అది. పందెం జీపు అక్కడే, అదే మలుపులో, ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. లోపల వెంకటరామారావు. పగిడయ్య జీపు పక్కగా వెళ్తూ దాని రేకుమీద అరచేత్తో ఒక్క దెబ్బ చరిచాడు. ఆ చప్పుడుకు వంతెన కింద నీళ్ళలోంచి కొంగలు లేచాయి.

సారపాక దాటాక తొడలు బరువెక్కాయి. ఊపిరి గీసుకుంది. అయినా ఆ బరువు అతనికి తెలిసిన బరువే; గెలిచిన ఏళ్ళలో మోసిన బరువే. అదేదో పాత చుట్టం తిరిగి వచ్చినట్టు అనిపించి, దాన్ని మోసుకునే వంతెన ఎక్కాడు. ముందు దేవ్లా వచ్చాడు, వెనుక ఇద్దరు, నాలుగో మనిషి పగిడయ్య. పుస్తకంలో రాసే గుమాస్తా అతణ్ణి చూసి కలం మూత పెట్టాడు. అయిదోవాడు రాగానే మూత తీసి 'నాలుగు' అని రాశాడు.

"మూడు గంటల ఏడు నిమిషాలు!" జహూర్ తన చేతి గడియారాన్ని పైకెత్తి గోదావరికి వినిపించేటట్టు అరిచాడు. "రాసుకో గంగమ్మా! ఈళ్ళ దగ్గర సిరా లేదంట!"

సోమవారం అతనికి ఫస్ట్ షిఫ్టు. పందెంలో పరుగెత్తిన మిగతావాళ్ళంతా కాళ్ళకు నూనె రాయించుకుంటూ సెలవులో ఉన్నారు. పగిడయ్య మస్టరులో పేరు పలికాడు, లాంపు తీసుకున్నాడు, రెండు వందల నలభై మెట్లు దిగాడు, తన టబ్బులు తాను నింపాడు. నొప్పి ఉంది. ఉండటమే న్యాయం. కానీ అది చెప్పినమాట వినే నొప్పి.

మూడు గంటలకు అతడు పైకి వచ్చేసరికి మెట్ల పైన వెంకటరామారావు నిలబడి ఉన్నాడు. మిగతా కార్మికులు దారి ఇచ్చి చుట్టూ చేరారు.

"వచ్చావు. సరే, ఒప్పుకుంటున్నాను. మొండితనంతో ఎవడైనా ఒకరోజు నెట్టుకొస్తాడు."

"నొప్పి రెండో రోజు పెద్దది సార్. ఉరికినోళ్ళకు ఎరుకే. రేపు గూడ రాండ్రి. పెద్ద సారును గూడ తోలుకరాండ్రి."

మంగళవారం పెద్ద డాక్టరు వచ్చాడు. ఎండ కళ్ళల్లో పడుతుంటే చేయి అడ్డం పెట్టుకుని, ఏటవాలు దారి నోటి దగ్గర నిలబడ్డాడు. కింద చీకట్లో ముందు ఒక లాంపు వెలుగు కనిపించింది, తరువాత ఒక మనిషి. మెట్టు మెట్టుకూ మనిషి పెద్దవాడవుతూ వచ్చాడు. ఎడమ పక్కన తాడు వేలాడుతూనే ఉంది. అతడు దాని వైపు చూడను కూడా లేదు. పై మెట్టు ఎక్కి, డాక్టరు ముందు ఆగి, రెండు అరచేతులూ చాచాడు.

"చూడుండ్రి సార్. మసి ఉన్నది. జిడ్డు లేదు."

డాక్టరు తాడు వంక చూశాడు. చేతి రుమాలుతో ఒకసారి దాన్ని తుడిచాడు. రుమాలు నల్లగా జిడ్డయింది. పగిడయ్య అరచేతిని అదే రుమాలు కొసతో తుడిచాడు. పొడి మసి రాలింది. ఇన్ని నెలలలో అతడు పగిడయ్య ఒంటి మీద చేయి వేయడం అదే మొదటిసారి. చుట్టూ ఉన్న వందమందీ నవ్వడం మరిచిపోయి చూశారు.

డాక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక ప్రశ్న వేశాడు.

"మీ తమ్ముడేం చేస్తున్నాడు?"

"మళ్ళ టెన్త్ రాస్తుండు సార్. ఆయన కాళ్ళ మీద ఆయన నిలబడుతడు. నా కాళ్ళు నాకు గావాలె."

జహూర్ కిటికీలోంచి చేయి చాచి లాంపు అందుకున్నాడు. సర్టిఫికెట్ ఆ సాయంత్రానికి రాలేదు. దాని కోసం పగిడయ్య ఆగలేదు. చొక్కా విప్పి భుజాన వేసుకుని, లాంపుల గది వెనుక గోడ మీద ఇంకా మిగిలి ఉన్న రెండు బారల ఎండ దగ్గరికి నడిచాడు. అక్కడ అప్పటికే ఇద్దరు ముసలి కార్మికులు, ఎన్నో ఏళ్ళుగా ఆ తాడు పట్టుకుని వస్తున్నవాళ్ళు, చొక్కాలు విప్పి, ఎవరి మొగం ఎవరూ చూడకుండా నిలబడి ఉన్నారు.

"జరుగుండ్రి పెద్దయ్యా," అన్నాడు పగిడయ్య. "అందరికీ సరిపోతది."